నోటితో ఊదిన నిప్పు

అలా మాంత్రికుడు భస్మనాథుడి కళ్ళుగప్పి తామ్రగిరి రేవు దాటిన పాలపిట్ట, ముళ్ళకోన మీదుగా తూర్పుకేసి ఎగిరిపోతోంది.

పాలపిట్ట అంటే పిట్ట కాదు, గాలిఓడ. నూనె పట్టించిన నీలిపట్టుతో కుట్టిన తిత్తి పైన నిండుగా ఉబ్బి ఉంది. దాని కింద మోకులకు వేలాడే టేకు ఓడ. ఓడ నడుమ ఏనుగు పట్టేంత రాగి కాగు, కాగు కింద ఎర్రటి కొలిమి. కాగులో మరిగిన ఆవిరి కొంత తిత్తిలోకి పోయి ఓడను పైన నిలబెడితే, మిగతాది ఇత్తడి గొట్టాల్లో బుసలు కొడుతూ పోయి ఇరువైపులా రెక్కల చక్రాలను తిప్పుతుంది. గొట్టాల అతుకు అతుకుకూ ఒక హంస, మలుపు మలుపుకూ ఒక నెమలి చెక్కి ఉన్నాయి. పొద్దుటి ఎండ వాటి మీద పడి మెరుస్తుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ ఓడలో ఉన్న ఇద్దరికీ ఆ సొగసు చూసే తీరిక లేదు.

ఆ ఇద్దరిలో ఒకడు తామ్రగిరి యువరాజు మణికేతుడు. ముఖం నిండా బొగ్గు మసి, మోకాళ్ళ దాకా ముతక పంచె, పేరడిగితే గంగులు. తండ్రి పోయిన నాటినుంచి భస్మనాథుడి కన్ను సింహాసనం మీద ఉంది. వారసుడు బతికుండగా పరాయివాడు ఎక్కితే వాడి తల వెయ్యి చెక్కలవుతుందని ఆ సింహాసనానికి పాత శాపం. భస్మనాథుడికి తన తల అంటే చాలా ఇష్టం. అందుకని ముందు యువరాజు తల కోసం వెతుకుతున్నాడు.

రెండోది మువ్వ. గాలిఓడల్లో పుట్టి గాలిఓడల్లో పెరిగే గాలివారి పిల్ల, ఈ ఓడకు సరంగు. ఓడ నడిపే పెద్దను వాళ్ళు అలాగే పిలుస్తారు. పారిపోతూ వచ్చి కొలిమి పని ఇమ్మని అడిగిన మణికేతుడి అరచేతులు చూసి, "ఈ చేతులు ఎప్పుడైనా పార పట్టాయా?" అని నవ్వి, అయినా పని ఇచ్చింది. ఆ వెంటనే రేవులో భస్మనాథుడు ఎదురుపడి అతని మీదికి హిమదండం విసిరాడు. మువ్వ అతన్ని పక్కకు నెట్టేసింది. దండం ఆమె ఎడమ భుజానికి తగిలింది. రేవులోని ఓడల పొగలో పడి ఇద్దరూ ఎలాగో బయటపడ్డారు. అతనెవరో మువ్వకు తెలిసింది అప్పుడే, అయినా గంగులూ అనే పిలుస్తోంది. వాళ్ళు ఏ ఓడ ఎక్కారో మాంత్రికుడికి కనబడలేదు గానీ, అతని చలి మాత్రం మువ్వ వెంటే వచ్చింది. నిప్పు సెగ ఒంటికి తగులుతున్నంతసేపే ఆమె మనిషి. కొలిమి ఆరిపోతే రాయి అయిపోతుంది. సూర్యశిల అనే కొండ కొమ్మున ఉన్న వేడినీళ్ళ గుండంలో మునిగితే తప్ప ఆ చలి వదలదు. పాలపిట్ట వెళ్తున్నది అక్కడికే.

అందుకే సరంగు కొలిమి నోటి దగ్గర దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఆజ్ఞలు ఇస్తుంటే, చుక్కానీ బొగ్గూ రెండూ యువరాజు నెత్తిన పడ్డాయి.

"గంగులూ, చుక్కాని ఎడమకి. నీ ఎడమ కాదు, ఓడ ఎడమ."

"రెండూ ఒకటే కదా, సరంగమ్మా."

"ముందుకి చూస్తే ఒకటే. నువ్వు వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నావు."

మణికేతుడు గభాలున ముందుకు తిరిగాడు. నిజమే, అతను మాటిమాటికీ వెనక్కి చూస్తున్నాడు. ఆమె రెప్పలు కదులుతున్నాయో లేదో చూసుకోకపోతే అతనికి ఊపిరి సరిగ్గా ఆడదు. ఆ సంగతి పైకి చెప్పడానికి యువరాజుగా సిగ్గు, గంగులుగా భయం.

"ఇంకాస్త బొగ్గు వెయ్యనా?"

"ఇప్పుడేగా వేశావు. కాగు పగలగొడతావా ఏంటి? నేను బానే ఉన్నాను."

బాగా లేదు. ఎడమచేతి వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడి, ముడుచుకోవడం మానేశాయి. మణికేతుడు చుక్కానికి తాడు బిగించి వచ్చి, కొలిమి దగ్గర కాచిన గుడ్డతో ఆ వేళ్ళు ఒక్కొక్కటే ఒత్తసాగాడు. మువ్వ ఆ చెయ్యి తనది కానట్టు ఇంకో దిక్కుకు చూస్తూ కూర్చుంది.

"కింద నేలమీద యువరాజులు ఇలాంటి పనులు చేస్తారా?"

"కింద మాకు పని చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు."

"అయ్యో పాపం," అంది మువ్వ. వెటకారమనుకుని అతను తలెత్తాడు. కాదు, ఆ పిల్ల నిజంగానే జాలిపడింది. అప్పుడు అతనికి తన రాజ్యం, తనను వేటాడే మాంత్రికుడు, సింహాసనం శాపం అన్నీ మర్చిపోయి ఆ కొలిమి పక్కనే ఉండిపోవాలనిపించింది.

అంత సుఖం ఎవరు పడనిస్తారు? కోన మలుపు తిరిగారో లేదో, కొండ వెనక నుంచి నల్లటి మబ్బు ఒకటి ఓడ నెత్తి మీదికి వచ్చింది. చినుకు చినుకుగా కురిసే మబ్బు కాదు. గాలివారు కుండమబ్బు అంటారు దాన్ని. కడుపులో ఉన్న నీళ్ళన్నీ ఒక్క చోటే గుమ్మరించి పోతుంది.

"పొగగొట్టానికి మూత," అని అరిచింది మువ్వ. "ముందు మూత వెయ్యి."

మణికేతుడు నిచ్చెన పట్టుకుని ఎగబాకాడు. గాలి అతన్ని ఎండుటాకును ఊపినట్టు ఊపింది. మూత గొలుసు అందింది, లాగాడు, సగం దిగింది, తుప్పు పట్టిన కొక్కెం దగ్గర పట్టేసింది. రెండు చేతులా వేలాడినా కదల్లేదు. అంతలో మబ్బు విరిగింది. నీళ్ళు ధారగా పొగగొట్టంలోకి దిగి, కాగు పక్కనుంచి పారి, కొలిమిలో పడ్డాయి. బుస్సుమని తెల్లటి పొగ లేచింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. రెక్కల చక్రాలు నెమ్మదించి, తిరగడం మానేశాయి.

మబ్బు తన దారిన తాను పోయింది. పైన మళ్ళీ ఎండ కాసింది. కింద కొలిమిలో బురద, తడి బొగ్గు, అంతే.

"చెకుముకిరాయి ఎక్కడుంది?" అంటూ మణికేతుడు పెట్టెలన్నీ తెరిచి బోర్లించాడు.

"గాలిఓడలో చెకుముకి ఉండదు, గంగులూ." మువ్వ మాట అప్పుడే మందగించింది. "ఒక్క రవ్వ ఎగిరి తిత్తికి అంటుకుంటే ఓడంతా కాలిపోతుంది. ఊళ్ళో పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకుని బయల్దేరతాం. దారిలో ఆరిపోతే ఇంకో ఓడని అడుగుతాం."

ఆకాశంలో ఇంకో ఓడ లేదు. తిత్తి మెల్లగా వడలిపోతోంది. ఓడ కిందికి, ముళ్ళకోన రాళ్ళ మీదికి దిగుతోంది. అదంతా మణికేతుడికి పట్టలేదు. మువ్వ ఎడమచేతి తెలుపు మణికట్టు దాటి మోచేతి దాకా పాకుతోంది. అతను ఆమెను దుప్పట్లతో సహా దగ్గరికి తీసుకుని, తన ఒంటి వేడి ఇచ్చినంత ఇచ్చాడు. ఏవేవో మాట్లాడాడు. చిన్నప్పుడు అంతఃపురంలో దాది వడ్డించిన పెరుగన్నం గురించి చెప్పాడు. ఏనుగు మీంచి పడ్డ సంగతి చెప్పాడు.

"నాకు భయమేస్తోంది," అంది మువ్వ.

"నాకూ," అన్నాడు మణికేతుడు.

అలా అన్నాక ఇద్దరికీ కాస్త ధైర్యం వచ్చింది. అప్పుడే పడమటి కొండ మీంచి పొగ కనబడింది. పొగ కింద నల్లటి తిత్తి, దాని కింద నల్లటి ఓడ. దాని నిలువు కొయ్య చివర ఏదో పసుప్పచ్చగా మెరుస్తోంది. మణికేతుడు దాన్ని గుర్తుపట్టాడు. అది ఇత్తడి గుడ్లగూబ. భస్మనాథుడి కళ్ళూ నోరూ అదే. ఆ ఓడ కాలడేగ. దాని సరంగు కొండవ్వ, గాలివారిలో అందరికన్నా పెద్దది. మాంత్రికుడు ఆమె ఓడ కొయ్యకు ఆ గూబను మరలతో బిగించి, యువరాజును పట్టి తెమ్మని ఆకాశం మీదికి వదిలాడు. అప్పటినుంచీ ఆమె కనబడ్డ ఓడనల్లా ఆపి వెతుకుతోంది.

"దాక్కోవాలి," అన్నాడు మణికేతుడు.

"కుండ ఒకటి తెచ్చి కొయ్యకి బోర్లించి కట్టు," అంది మువ్వ. "నిప్పు కావాలని అర్థం."

"నన్ను చంపడానికి వస్తున్నవాళ్ళని నిప్పు అడగమంటావా?"

"నిప్పు అడిగితే ఎవరూ లేదనకూడదు. కొలిమిలో నిప్పు ముట్టేదాకా నువ్వెవరని అడగకూడదు. చెయ్యి చేసుకోకూడదు. మా గాలివాళ్ళలో అది తప్పినవాళ్ళు లేరు." ఆమె ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. "నువ్వే వెళ్ళాలి. వట్టి చేతులతో వెళ్ళకు, అటుకులు బెల్లం ముద్ద చేసి పట్టుకెళ్ళు. ఇచ్చే మనిషి నోట్లో పెట్టాలి. నిప్పు విసనకర్రతో విసురుతూ తీసుకురా. నోటితో మాత్రం ఊదకు."

"ఎందుకు?"

"ఊదొద్దన్నానంటే ఊదొద్దు. అన్నీ అడుగుతావు నువ్వు."

నల్ల ఓడ దగ్గరికి వచ్చింది. బోర్లించిన కుండను చూడగానే దాని చక్రాలు నెమ్మదించాయి. అక్కడినుంచి తాళ్ళ వంతెన ఒకటి ఎగిరి వచ్చి పాలపిట్ట అంచున పడింది. మణికేతుడు ముఖానికి ఇంకాస్త మసి రాసుకుని, తలపాగా గాలివారిలాగా చెవుల మీదుగా చుట్టి, చేతిలో అటుకుల ముద్దతో, కిందికి చూడకుండా నడిచాడు. కింద చూడదగ్గదేమీ లేదు, కోనంత పొడుగునా ముళ్ళూ రాళ్ళూ తప్ప.

కాలడేగ మీద అడుగుపెట్టగానే ఒళ్ళు జిల్లుమంది. కొయ్య చివరి గూబ ఊపిరి వదిలినప్పుడల్లా దాని చుట్టూ మంచు పేరుకుంటోంది. పనివాళ్ళు ఆ కొయ్యకు దూరంగా తిరుగుతున్నారు. కొండవ్వ కొలిమి దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ముగ్గుబుట్ట లాంటి జుట్టు, చెవులకు బరువైన కమ్మలు, పాదాలకు చుట్టుకున్న గొంగళి పీలికలు.

మణికేతుడు మోకాళ్ళ మీద కూర్చుని ముద్ద ఆమె నోటికి అందించాడు. ఆమె నెమ్మదిగా నమిలింది.

"బెల్లం ఎక్కువైంది. ఎవరు కలిపారు?"

"నేనే, అవ్వా."

"ఓడలో ఆడమనిషి లేదా?"

"ఉంది. ఆమెకి చాలా చలిగా ఉంది. త్వరగా ఇవ్వు, అవ్వా, నీకు పుణ్యముంటుంది."

కొండవ్వ అతని వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత పటకారు తీసుకుని, పైన మండుతున్న బొగ్గులు పక్కకు నెట్టి, కొలిమి అడుగున నిలకడగా రగిలే కణికలు ఏరి కుంపట్లో వేసింది. అడుగు నిప్పు ఎక్కువసేపు నిలుస్తుంది. అది ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వరు.

పైనుంచి గూబ తల కిర్రుమని తిరిగింది. దాని గొంతులోంచి భస్మనాథుడి మాట వచ్చింది. "వాడి ముఖం కడిగించు, కొండవ్వా."

"నిప్పు ముట్టేదాకా ముఖం కడగడం లేదు, పేరు అడగడం లేదు," అంది కొండవ్వ తలెత్తకుండానే. "ఆ తర్వాత నువ్వు చెప్పినట్టే చేస్తాను. కాసేపు నోరు మూసుకో."

మణికేతుడు కుంపటి అందుకుని వంతెన మీదికి వచ్చాడు. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కుంపటి గొలుసు, చంకలో విసనకర్ర. నడుమకు వచ్చేసరికి కోనలోంచి గాలి లేచింది. వంతెన ఉయ్యాలలాగా ఊగింది. విసనకర్ర జారి తిరుగుతూ తిరుగుతూ కిందికి పోయింది. కణికల మీద నివురు కమ్మసాగింది. అతను పరుగులాంటి నడకతో పాలపిట్ట మీద పడ్డాడు.

మువ్వ తల కొలిమి గోడకు వాలిపోయి ఉంది. తెలుపు మెడదాకా వచ్చింది.

"మువ్వా," అని పిలిచాడు. పలకలేదు. కుంపటి ఆమె ముందు పెట్టి చూస్తే, కణికల్లో ఎరుపు ఎక్కడా కనబడటం లేదు. ఆ క్షణంలో ఆమె చెప్పిన మాట ఒక్కటీ అతనికి గుర్తులేదు. కుంపటి మీదికి వంగి, గుండెల్లో ఉన్న ఊపిరంతా కూడదీసి, నోటితో ఊదాడు.

నివురు ఎగిరిపోయింది. లోపల ఒక కణిక ఎర్రగా కన్ను తెరిచింది. అవతలి ఓడ మీద ఎవరో చేతిలో గరిటె జారవిడిచారు. మణికేతుడు తలెత్తేసరికి కాలడేగ పనివాళ్ళందరూ అంచుకు వచ్చి నోళ్ళు తెరిచి చూస్తున్నారు. కొండవ్వ వంతెన మొదట్లో నిలబడి ఉంది.

"గాలివాడెవడూ నిప్పుని నోటితో ఊదడు," అంది ఆమె. "ఎంగిలవుతుంది. జన్మలో ఒక్కరోజే ఊదుతాడు."

"ఏ రోజు?" అన్నాడు మణికేతుడు, అంత కష్టంలోనూ అడక్కుండా ఉండలేక.

"పెళ్ళిరోజు. ఒకే కణికని పిల్లాడు ఇటునుంచి, పిల్ల అటునుంచి ఊదుతారు. అది వాళ్ళ పొయ్యి అవుతుంది."

మణికేతుడు మువ్వ వంక చూశాడు. ఆ కాస్త సెగకు ఆమె కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అంతా విన్నది. ముఖం ఎర్రబడటానికి ఒంట్లో వేడి లేదు గానీ, కళ్ళు దించుకుంది.

"వాడు నేలవాడు," అని గూబ కీచుమంది. "నేను వెతికేది వాడినే. పట్టుకో."

నిజానికి ఆ సంగతి అప్పటికే కొండవ్వకు తెలిసిపోయింది. ఆమె నడుముకున్న సంచీలోంచి తమలపాకు తీసి, ఈనె గిల్లి, తీరిగ్గా చుట్టి దవడన పెట్టుకుంది. ఆ ఆకు మెల్లగా నమిలింది.

"వినవే పిల్లా," అంది చివరికి. "నువ్వు కూడా ఊదితే పెళ్ళయినట్టు. నేనిచ్చిన నిప్పుతో పెళ్ళయితే నేను నీకు తల్లిని. నా అల్లుడి మీద నేను చెయ్యి వెయ్యను. ఊదకపోతే అది ఎంగిలి నిప్పు, కొలిమిలో వెయ్యడానికి పనికిరాదు. పారబోసి, వీణ్ణి పట్టుకుపోతాను. నీకు వేరే నిప్పు ఇస్తాను, బతుకుతావు. నీ ఇష్టం."

మణికేతుడు కుంపటి ఆమెకు దగ్గరగా జరిపాడు. "నాకు తెలియదు, మువ్వా. తెలిసి చేసింది కాదు. నా కోసమని ఊదకు. ఆవిడ నీకు వేరే నిప్పు ఇస్తానంటోంది. నాకు అది చాలు."

"ఊదొద్దని చెప్పానుగా," అంది మువ్వ. ఒక్కో మాటా కూడబలుక్కుని అంటోంది.

"చెప్పావు."

"ఎందుకో చెప్పలేదు. సిగ్గేసింది."

ఆమె కణిక వంక చూసింది. "ఇప్పుడు ఊదితే, నీ ప్రాణం మీద జాలిపడి ఊదానని అనుకుంటావు."

"అనుకోను."

"అనుకుంటావు. ఎప్పుడో ముసలితనంలో గుర్తొచ్చి అనుకుంటావు. అందుకే ఇప్పుడే చెప్తున్నా. రేవులో నిన్ను నెట్టేసినప్పుడు నువ్వు యువరాజువని నాకు తెలియదు. బొగ్గు ఎత్తడం చేతకాని గంగులువని మాత్రమే తెలుసు."

మణికేతుడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మసి ముఖం మీద అవి దారులు చేసుకుని దిగుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. మువ్వ ముందుకు వంగి ఊదింది. ఊపిరి రాలేదు, పెదవులు మాత్రం వణికాయి. మళ్ళీ ఊదింది. చల్లటి గాలి కాస్త వచ్చి, ఎర్రగా ఉన్న కణిక కూడా మసకబారింది. అతను కుంపటిని రెండు చేతుల్లోకి ఎత్తుకుని ఆమె పెదవుల దగ్గరికి తెచ్చాడు. ఇనుము చేతులు కాల్చింది. కాల్చనీ అనుకున్నాడు.

"నాతో కలిసి ఊదు," అన్నాడు.

ఇద్దరూ కలిసి ఊదారు. కణిక ఎర్రబడింది. దాని పక్కది అందుకుంది, దాని కిందది అందుకుంది. కుంపటి నిండా నిప్పు నవ్వింది. కాలడేగ పనివాళ్ళు, ఎవరి పక్షమో మర్చిపోయి, గరిటెలతో పళ్ళేలతో ఓడ అంచుల మీద దరువు వేశారు. అది వాళ్ళ మంగళవాద్యం. మణికేతుడు కొలిమిలోని తడి బొగ్గు తోడేసి, అడుగు పెట్టెలోని పొడి బొగ్గు పేర్చి, కుంపటి బోర్లించాడు. మంట లేచింది. కాగు గురగురలాడింది. మువ్వ మెడమీది తెలుపు భుజం దాకా దిగింది, మోచేతి దాకా దిగింది, మళ్ళీ మొదటిలాగా వేళ్ళ దగ్గర ఆగింది.

"నిప్పు ముట్టింది," అంది కొండవ్వ అవతలినుంచి. "ఇప్పుడు అడగొచ్చు. నీ పేరేంటి, అల్లుడూ?"

నిప్పు ఇచ్చిన మనిషికి అబద్ధం చెప్పకూడదని మువ్వ అతనికి చెప్పలేదు. అయినా అతనికి అబద్ధం చెప్పాలనిపించలేదు. తలపాగా తీసేసి, "తామ్రగిరి మహారాజు కొడుకుని, మణికేతుణ్ణి," అన్నాడు.

గూబ రెక్కలు టపటప కొట్టుకుంది. కొండవ్వ మాత్రం చాలా మామూలుగా తల ఊపింది. "మంచి పేరే. అమ్మాయి చేత ఎండలో పనిచేయించకు. తల్లి ఇంటినుంచి పెట్టడానికి నా దగ్గరేం లేదు, ఇదొక్కటే ఉంది," అని వంతెన తాళ్ళను తన చేతులతోనే కోసేసింది. "పదండి. వెనక్కి చూడకండి."

పాలపిట్ట తిత్తి మళ్ళీ నిండింది. రెక్కల చక్రాలు గిర్రున తిరిగాయి. ఓడ కోన గోడల మధ్యనుంచి పైకి లేచి వెలుగులో పడింది. ఎదురుగా, ఆకాశం అంచున, ఎర్రటి కొమ్ము ఒకటి కనబడింది. దాని మీంచి తెల్లటి ఆవిరి లేస్తోంది.

"సూర్యశిల," అన్నాడు మణికేతుడు. అతను అంత సంతోషం పట్టాభిషేకం రోజున కూడా పడబోడు. మువ్వ దుప్పట్లలోంచి చెయ్యి చాపితే, వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి ఆమె వేరే దిక్కుకు చూడలేదు.

వెనక్కి చూడొద్దన్న మాట వాళ్ళకు గుర్తుంది. కానీ వెనకనుంచి వినబడే చక్రాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే ఎవరైనా తిరిగి చూస్తారు. కాలడేగ పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. కొయ్య చివరి గూబ మెడ సాచి, పొగగొట్టం నోట్లో ముక్కు పెట్టి, తెల్లటి ఊపిరి వదులుతోంది. భస్మనాథుడి గొంతు కోనంతా మార్మోగింది. "ఊళ్ళోవాళ్ళకి నిప్పు పంచుతావుగా. ఇక నీకే లేకుండా పో."

నల్లటి తిత్తి ముడతలు పడింది. నల్లటి ఓడ ముళ్ళకోన రాళ్ళ మీదికి దిగిపోసాగింది. దాని అంచున పనివాళ్ళు అటూ ఇటూ పరుగెడుతున్నారు. కొండవ్వ పీట మీదే కూర్చుని ఉంది. ఎవర్నీ ఏమీ అడగడం లేదు.

"ఆవిడ నిప్పు ఎందుకు అడగదు? మనం కనబడుతూనే ఉన్నాం కదా."

"తల్లి వచ్చి కూతురింటి ముందు చెయ్యి చాపదు," అంది మువ్వ. "నాకో బిడ్డ పుట్టేదాకా నా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగదు. చచ్చినా అడగదు, గంగులూ. మనమే వెళ్ళి ఇవ్వాలి."

వెళ్ళాలని మణికేతుడికీ తెలుసు. కానీ వెళ్ళాలని లేదు. ఇప్పుడే కదా ఆమె చెయ్యి వెచ్చబడింది. "ఆ గూబ ఊపిరి ఒక్కసారి సోకితే నువ్వు మిగలవు. నిన్ను సూర్యశిల మీద దింపి, నేనొక్కణ్ణే వెనక్కి వస్తాను."

"వచ్చేసరికి ఆ ఓడ రాళ్ళ మీద ఉంటుంది."

అతను చుక్కాని పట్టుకుని సూర్యశిల వైపే చూశాడు.

"నాకు అమ్మ లేదు," అంది మువ్వ. "నన్ను కన్నరోజే పోయింది. ఇన్నాళ్ళకి ఒకావిడ తనే నోరు తెరిచి, నేను నీకు తల్లిని అంది. నేను ఒడ్డున పడి, ఆవిణ్ణి అలా వదిలేసి, ఆ గుండంలో మునిగి వెచ్చగా ఉండనా? నువ్వయితే ఉంటావా?"

"ఉండను," అన్నాడు మణికేతుడు. అబద్ధమాడితే బాగుండేదని ఆ క్షణంలో అతనికి ఎంతగానో అనిపించింది.

అతను చుక్కాని తిప్పాడు. ఎర్రటి కొమ్ము పక్కకు జరిగి, ఓడ వెనక్కి వెళ్ళిపోయింది. కాలడేగ దగ్గరవుతున్న కొద్దీ గాలి చల్లబడింది. మువ్వ దుప్పట్లన్నీ బిగించి కట్టుకుని, నిప్పు నింపిన కుంపటిని ఒళ్ళో పెట్టుకుంది. గూబ పొగగొట్టంలోంచి ముక్కు తీసి, తల పూర్తిగా వెనక్కి తిప్పి, ఆమె వంకే చూసింది.

కింద కొండవ్వ అప్పుడు పీట మీంచి లేచింది. ఇంతసేపూ ఒక్కసారి కూడా హెచ్చని ఆమె గొంతు కోన అదిరేలా పలికింది. "రావద్దే తల్లీ. నా మాట విను. వెనక్కి పో."

మువ్వ పుట్టి బుద్ధెరిగాక తల్లి ఆమె ఒక్కదానికే చెప్పిన మాట అదే మొదటిది. ఆ మొదటి మాటే ఆమె వినలేదు. కుంపటి గుండెలకు హత్తుకుని లేచి నిలబడి, "ఇంకా కిందికి దించు, గంగులూ," అంది.